సగం దారిలో వెనక్కి మళ్లిన కుందేలు

బుధవారం రెండో గంట నడుస్తుండగా మంథని బస్సు కండక్టరు మా బడి కిటికీ దగ్గరికి వచ్చాడు. నేను పెద్దపల్లిలో పంతులమ్మగా చేరి మూడేళ్లయింది. ఇంటి నుంచి కబురేదైనా ఉంటే తెచ్చేది ఆయనే. "అమ్మా, మీ సార్ పోయిండు. పొద్దుగాల. నీకు చెప్పుమని మీ బాపు చెప్పి పంపిండు" అని, అవతల బస్సు ఆగి ఉంది కాబట్టి వెంటనే వెళ్లిపోయాడు. బోర్డు మీద గుణకారం సగంలో ఉంది. దాన్ని పూర్తి చేసి, సరిచూసి, అప్పుడు సెలవు అడగడానికి వెళ్లాను. ఏడుపు రాలేదు. ఆయన మీద నాకు ప్రేమ ఉంది, కృతజ్ఞత ఉంది, కోపమూ ఉంది. మూడింట్లో ఏది ముందు బయటికి రావాలో తేలక మూడూ లోపలే ఉండిపోయినట్టున్నాయి.

చదివేవారికి ఆయన పేరు చెప్పను. మా ఊళ్లో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. బడిలో ఇంకా నలుగురు సార్లున్నా, ఉత్త "సార్" అంటే ఆయనే. ఆయన చదువంతా నిజాం కాలంలో ఉర్దూలో సాగింది. పోలీస్ యాక్షన్ తర్వాత బడులు తెలుగులోకి మారితే, నలభై దాటిన మనిషి మాతో పాటు కూర్చున్నట్టే తెలుగులో లెక్కలు నేర్చుకున్నారు. పెదవుల లోపల "సాత్ పంజే పైంతీస్" అనుకుని, బయటికి "ముప్పై అయిదు" అనేవారు. ఉర్దూ వచ్చిన పిల్లలు ఆయన పెదవులు చూసి ముందే జవాబు అరిచేవారు. "నా జేబులకెళ్లి దొంగిలించిన్రు గదరా" అని ఆయనే నవ్వేవారు.

ఆయనకు ఒక అలవాటుంది. తెలియనిది అడిగితే దబాయించరు. "తెల్వది బిడ్డా, రేపు చెప్త" అంటారు. ఆ రేపు నిజంగా వచ్చేది. గోదావరి సముద్రంలో కలిశాక నీళ్లు తియ్యగా ఉంటాయా ఉప్పగా ఉంటాయా అని ఒకసారి నేనడిగాను. మరునాడు వచ్చి, "ఇద్దరినడిగిన. ఒకాయన తియ్యగనే అన్నడు, ఒకాయన ఉప్పగ అన్నడు. ఇద్దరు గూడ సముద్రం చూడలే. అందుకని ఇంక తెల్వది" అన్నారు. అంత నిక్కచ్చి మనిషి జీవితంలో ఒక్కసారి, ఊరందరి ముందు, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పారు. ఆ ఒక్కసారి చెప్పినదాని మీదే మా ఇల్లు ఇన్నేళ్లుగా నిలబడి ఉంది. నిలబడిందా, ఒరిగిందా అన్నది నాకిప్పటికీ అంతు చిక్కదు. అందుకే ఇది రాస్తున్నాను. మా బాపుకు చదవడం రాదు కనుక రాయగలుగుతున్నాను.

మాది నేతపని ఇల్లు. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. నా తర్వాత ఒక చెల్లెలు. మూడేళ్ల వయసుకే వసపిట్టలా మాట్లాడేది. తర్వాత చెవుల్లో చీము కారడం మొదలైంది. అవ్వ ఎల్లిగడ్డ వేసి నూనె కాచి గోరువెచ్చగా చుక్కలు వేసేది. తగ్గినట్టు తగ్గి మళ్లీ కారేది. అయిదేళ్లు వచ్చేసరికి వెనక నుంచి పిలిస్తే తిరిగి చూడటం మానేసింది. వచ్చిన మాటలు కూడా ఒక్కొక్కటే పోయి, చివరికి అవ్వ, బాపు, అక్క అన్న మూడే మిగిలాయి. వాడకట్టులో దానికో పేరుండేదన్న సంగతే మరిచిపోయి 'చెవిటిది' అనడం మొదలుపెట్టారు. ఎవరింట్లో శుభకార్యం ఉన్నా "చిన్నదాన్ని ఇంట్లనే ఉంచున్రి" అని ముందే చెప్పి వెళ్లేవారు.

బాపు ఆ మాటలు పడలేకపోయాడు. ఆసిఫాబాద్ అవతల అడవి అంచు పల్లెలో మా అమ్మమ్మ ఉండేది. బిడ్డను అక్కడికి పంపేద్దామని నిశ్చయించాడు. "ఆడ మేకలుంటయి, చెట్లుంటయి. మాట్లాడుమని ఎవలడుగుతరు? ఇక్కడ దినాం సస్తున్నది" అన్నాడు. అది ప్రేమా, సిగ్గా? రెండూ ఉన్నాయనే అనుకుంటాను. మంచిర్యాలలో రైలెక్కించడానికి శనివారం అనుకున్నారు. అవ్వ రెండు గౌన్లు ఉతికి మూట కట్టింది. ఎన్ని రోజులకని నేనడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు. అంటే ఇంక రాదని నాకర్థమైంది.

నాకప్పుడు పదేళ్లు. బడిలో సార్ దగ్గరికి వెళ్లి, చెల్లెను పంపొద్దని మా బాపుకు చెప్పండి సార్ అని ఏడ్చాను. ఆయన చేతిలోని సుద్దముక్కను బల్ల మీద పెట్టారు. "మీ ఇంటి సంగతిల నేను ఏమని చెప్పాలె బిడ్డా? తెల్వది. రేపు చెప్త" అన్నారు. ఆ రేపే మా ఊరికి సినిమా వ్యాను వచ్చింది.

ఆంధ్రప్రదేశ్ ఇంకా కాలేదు. అప్పట్లో సర్కారు ప్రచారం వ్యాను ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చి, పొద్దుగూకగానే బడి ముందర తెల్లగుడ్డ కట్టి ఉచితంగా సినిమాలు వేసేది. అవన్నీ ఇంగ్లీషువో హిందీవో. అందుకని ఊళ్లో చదువుకున్నవాణ్ని ఒకణ్ని తెర పక్కన నిలబెట్టి, గొంతు దూరం వినపడేందుకు రేకు భోంగా చేతికిచ్చి కథ చెప్పించేవారు. ఏం చెప్పాలో రాసిన కాగితం వ్యానుతోపాటే వచ్చేది. ఈసారి అది ముందటి ఊళ్లో ఎక్కడో పోయిందట. "మీకు ఇంగిలీషు వస్తది గద సార్?" అని ఆపరేటరు భోంగాను మా సార్ చేతిలో పెట్టాడు. సార్‌కు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, అంతే. ఆ మాట చెప్పబోయారు గానీ, అప్పటికే దీపం ఆర్పేశారు. జనం ఈలలు వేస్తున్నారు.

ఆనాడు వేసింది బొమ్మల సినిమా. మనుషులుండరు, గీసిన బొమ్మలే కదులుతాయి. మేమెవ్వరం అలాంటిది చూసి ఎరగం. చెరువులో కుందేలు పిల్లలు మునిగి తేలుతున్నాయి. "పిల్లలు ఈత కొడుతున్నయి. వీటికి బడి లేదు" అని సార్ మొదలుపెట్టగానే అందరూ గొల్లున నవ్వారు. తర్వాత ఒక ఇల్లు. అందులో ఒక పిల్ల కుందేలుకు ఒక చెవే నిక్కబొడుచుకుని ఉంది, రెండో చెవి జాగాలో తలచుట్టూ గుడ్డ కట్టి ఉంది. సార్ కాసేపు తెర వైపు చూశారు. "దీనికి పుట్టుకతోనే ఒక చెవి లేదు. నలుగురు నవ్వుతరని తల్లి గుడ్డ కట్టి దాస్తున్నది" అన్నారు. ఎవరూ నవ్వలేదు. మిగతా పిల్లలు దీన్ని దాటి ఆటకు పరుగెత్తాయి. "చూసిన్రా, దీన్ని కలుపుకుంటలేరు" అన్నారు. కళ్లద్దాలు పెట్టుకుని సంచి పట్టుకున్న ముసలి కుందేలు ఒకటి వీధిలో పోతే, "ఈయన పట్వారి" అన్నారు. మళ్లీ గొల్లున నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు, బాపును చూస్తున్నాను. చెల్లెలు ఆయన ఒళ్లో కూర్చుని కన్నార్పకుండా తెరనే చూస్తోంది.

చివరికి తల్లి కుందేలు పిల్ల చేయి పట్టుకుని గుట్ట ఎక్కసాగింది. పైన ఎక్కడో ఒక ఇల్లు, దాంట్లో దీపం. సార్ గొంతు తగ్గింది. "తల్లికి ఊరోళ్ల మాటలు పడరాకుంట అయింది. పిల్లను దూరం తీస్కపోతున్నది. అక్కడ ఇడిసిపెట్టనీకి" అన్నారు. సరిగ్గా అప్పుడే వ్యాను ఇంజను దగ్గి ఆగిపోయింది. తెర నల్లబడింది. ఆపరేటరు ఎంత తంటాలు పడ్డా మళ్లీ నడవలేదు. "ఇయ్యాల్టికి గింతే" అన్నాడు. జనం లేవలేదు. ఆ చీకట్లోంచి ఒక గొంతు వచ్చింది. అది మా బాపు గొంతు.

"తర్వాత ఏమైంది సార్? ఇడిసిపెట్టిందా?"

సార్ భోంగాను మళ్లీ నోటి దగ్గరికి ఎత్తారు. రేపు చెప్త అంటారేమోనని నాకు భయమైంది. రేపు అంటే శుక్రవారం, ఎల్లుండే రైలు.

"లేదు" అన్నారు సార్ భోంగాలో. "సగం దారిల ఆగింది. వెనుకకు మర్లింది. ఇంటికొచ్చినంక ఆ గుడ్డ ఇప్పేసింది. నా పిల్ల గిట్లనే ఉంటది, చూసేటోళ్లు చూడున్రి అన్నది. అంతే, అయిపోయింది కథ."

బాపు చెల్లెల్ని భుజాల మీద ఎక్కించుకుని ఇంటికి తెచ్చాడు. మరునాడు పొద్దున అవ్వ మూట విప్పింది. ఆ వారంలోనే మా బంధువులింట్లో పెళ్లికి బాపు చెల్లెల్ని పందిట్లో ముందు వరసలో కూర్చోబెట్టి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ "నా బిడ్డకు వినరాదు. అయితే ఏంది?" అని చెప్పాడు. ఏడెనిమిదేళ్లకే దాన్ని మగ్గం గుంతలో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చెల్లెలికి మగ్గం చప్పుడు వినపడదు గానీ పాదాలకు తెలుస్తుంది. పోగు తెగితే బాపు కంటే ముందు ఆపుతుంది. ఇవాళ మా ఇంట్లో నాణ్యమైన చీర నేసేది తనే. సార్ వారానికి మూడు సాయంత్రాలు వచ్చి పలక మీద అక్షరాలు నేర్పారు. ఆ సినిమా కథ మా బాపు ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. ఇంట్లో కొంచెం తేడాగా పుట్టిన పిల్లలున్నవాళ్లు ఎవరు తారసపడ్డా కూర్చోబెట్టి కుందేలు కథ చెప్తాడు.

ఇక్కడితో ఆపితే ఇది చక్కని స్మృతి అయ్యేది. నేను కూడా చాలా ఏళ్లు ఇక్కడే ఆపాను.

వరంగల్‌లో పంతులమ్మ ట్రైనింగు చేస్తున్నప్పుడు ఆరోగ్యశాఖ వాళ్లు ఒకనాడు మాకు పాత సినిమాలు వేసి చూపించారు. మొదటి బొమ్మ చూడగానే గుర్తుపట్టాను. పక్కనున్న అమ్మాయి చేయి పట్టుకుని "ఇది మా కుందేలే" అన్నాను. అప్పటికి నాకు ఇంగ్లీషు కొంత వచ్చు. కాసేపటికి ఆ చేయి వదిలేశాను. ఆ పిల్ల కుందేలుకు రెండు చెవులూ ఉన్నాయి. మురికి చెరువులో ఈదడంతో ఒక చెవిలో చీము పట్టింది, అందుకు కట్టు కట్టారు. మిగతా పిల్లలు ఆటకు పిలుస్తూనే ఉన్నాయి, దానికి వినపడలేదు. కళ్లద్దాల కుందేలు పట్వారీ కాదు, డాక్టరు. గుట్ట మీది ఇల్లు దవాఖాన. తల్లి పిల్లను మందు వేయించడానికి తీసుకుపోతోంది. చివర్లో కట్టు విప్పితే చెవి నిలబడుతుంది, పిల్ల మిగతావాటితో ఆడుకోవడానికి పరుగెడుతుంది. చెవిలో చీము కారితే ఇంటి వైద్యం చేయకండి, వెంటనే దవాఖానకు తీసుకెళ్లండి అని చెప్పి సినిమా అయిపోయింది.

మా సార్ ఆ తల్లిని వెనక్కి తిప్పింది డాక్టరు గుమ్మం ముందు నుంచి.

ఆ సెలవుల్లో నేరుగా సార్ ఇంటికే వెళ్లాను. అప్పటికి ఆయన పని విరమించారు. వసారాలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతున్నారు. నేను నిలబడే అంతా చెప్పాను. గొంతు పెద్దది చేశాను కూడా. ఆయన ఏరిన రాయిని పక్కన పెట్టి, "నాకు ఎరికే బిడ్డా" అన్నారు. "నాకు మరునాడే తెలిసింది."

ఇంజను బాగుచేసుకుని వ్యాను పోయిన పక్క ఊరికి ఆయన మరునాడు సాయంత్రం నడిచి వెళ్లారట. "రేపు చెప్త అనకుంట చెప్పిన గద, నిద్ర పట్టలే. అక్కడ పటేలు కథ చెప్పిండు. కుందేళ్లను గాడిదలన్నడు. నేను మాటలిడిసి బొమ్మలే చూసిన. ఆఖరికి చెవి లేచి నిలబడ్డది. అప్పుడు సమజైంది."

"మరి మా బాపుకు చెప్పొద్దా సార్?"

"చెప్పిన. కరీంనగర్ దవాఖానకు తీస్కపోదాం, నేను గూడ వస్త అని మూడుసార్లు చెప్పిన. మీ బాపు వినలే. 'గిట్లనే ఉండనియ్యమని మీరే గద సార్ అన్నది. దవాఖానకు తీస్కపోతె నా బిడ్డల ఏదో తక్కువున్నదని ఒప్పుకున్నట్టే గద' అన్నడు. నా మాటనే నాకు అప్పజెప్పిండు."

"ఆ మాట అబద్ధమని చెప్తే అయిపోయేది."

ఆయన చాటను కింద పెట్టారు. "అబద్ధమని చెప్తే మీ బాపు ఏం చేస్తుండె? దవాఖానకు తీస్కపోతుండెనా, ఆసిఫాబాద్ తీస్కపోతుండెనా? ముందుగాల ఇంగిలీషు రాక తప్పు చెప్పిన. చెవి లేదనే అనుకున్న, నిజంగ. ఆఖరుకు మాత్రం మీ బాపు అడుగంగనే నువ్వు బడిల ఏడ్చింది యాదికొచ్చింది. కథ ఎట్లయితదో తెల్వకున్నా, కావాల్నని అల్లి చెప్పిన. రెండింట్ల ఒకటి పట్టుకున్న బిడ్డా. సరైంది పట్టుకున్ననో లేదో తెల్వది." మళ్లీ ఆయనే, "ఇది రేపు గూడ చెప్పలేను" అన్నారు. నేను తెచ్చుకున్న కోపాన్ని ఎక్కడ పెట్టాలో తోచక, చాట ముందు కూర్చుని మిగిలిన బియ్యం నేను ఏరాను.

తర్వాత చెల్లెల్ని వరంగల్ పెద్ద డాక్టరుకు చూపించాను. "చిన్నప్పుడు తెస్తే ఏమన్నా చేసేవాళ్లమేమో" అన్నాడు ముందు. నా ముఖం చూసి, "చేయలేకపోయేవాళ్లమేమో కూడా" అన్నాడు. ఇంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరూ నాకు గట్టి మాట చెప్పలేదు. సార్ తప్పు చేశారా? ఆయన ఆ రోజు ఊరుకుని ఉంటే చెల్లెలు మేకల వెంట అడవిలో ఉండేది, అక్కడా చెవులు పోయేవి. తర్వాతైనా నిజం చెప్పి ఉంటే చెవులు బాగై వినేదేమో, ఎక్కడుండి వినేదో మాత్రం తెలియదు. నేను ఎన్నిసార్లు ఈ లెక్క చేసినా ప్రతిసారీ వేరే జవాబు వస్తుంది. వారానికి మూడు సాయంత్రాలు ఆయన పలక పట్టుకుని వచ్చింది దయతోనా, తప్పు దిద్దుకోవడానికా అని కూడా ఆలోచించాను. ఎందుకొచ్చినా అక్షరాలు వచ్చాయి. అందుకు నేను ఆయనకు దండం పెడతాను.

కబురు అందిన నాడు మంథని చేరేసరికి దహనం అయిపోయింది. మూడో రోజు బాపు సార్ ఇంటికి సాయం వెళ్లాడు. అవ్వ గోదావరికి స్నానానికి వెళ్లింది. ఇంట్లో నేనూ చెల్లెలూ మిగిలాం. ఇక దాచలేకపోయాను. ఇది ఎవరికి చెందిన సంగతో వాళ్లకే ఇన్నేళ్లుగా చెప్పలేదు. మేమిద్దరం మాట్లాడుకునేది సగం చేతులతో, సగం పలక మీద. కుందేలుకు రెండు చెవులూ ఉన్నాయని, గుట్ట మీద ఉన్నది డాక్టరని, సార్ ఆ కథ అల్లారని ఒక్కొక్కటే చెప్పాను. తన ముఖం చూసే ధైర్యం లేక పలకనే చూస్తూ రాశాను.

చెల్లెలు పలక లాక్కుని ఒకే మాట రాసింది. "తెలుసు."

ఎట్లా తెలుసు, ఎవరు చెప్పారు అని చేతులూపాను. తను తన కళ్లను ముట్టుకుంది. తర్వాత చెవిని ముట్టుకుని అడ్డంగా తల ఊపింది. నాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. ఆనాడు అక్కడున్న జనమంతా సార్ మాటలు విన్నారు. చెల్లెలు వినలేదు. ఒట్టి బొమ్మలే చూసింది. కట్టును కట్టుగానే చూసింది, డాక్టరును డాక్టరుగానే చూసింది. ఊరు మొత్తంలో ఆ సినిమా సరిగ్గా అర్థమైంది ఆ ఆరేళ్ల పిల్ల ఒక్కదానికే.

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు అని అడిగాను. చెప్పానంది. లేచి, దండెం మీది బాపు తువ్వాల తీసి తలచుట్టూ చెవి మీదుగా కట్టుకుంది. నా ముందు నిలబడి, కట్టును వేలితో చూపించి, తర్వాత తలుపు బయటికి చూపించింది. సినిమా చూసిన మరునాడు పొద్దున ఇలాగే చెవికి గుడ్డ కట్టుకుని మా ముగ్గురి ముందు నిలబడిందట. తనను ఆ గుట్ట మీది ఇంటికి తీసుకుపొమ్మందట. నాకప్పుడు గుర్తొచ్చింది. కుందేలు కుందేలు అని నేను చప్పట్లు కొట్టాను. అవ్వ కళ్లు తుడుచుకుని ముద్దు పెట్టుకుంది. బాపు ఎత్తుకుని వాడకట్టంతా తిప్పాడు.

తువ్వాల విప్పకముందే గడపలో చెప్పుల చప్పుడైంది. బాపు వచ్చాడు. సార్ ఇంట్లో ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. చెల్లెల్ని అలా చూడగానే ఆ ముఖం వెలిగింది.

"మా కుందేలు" అన్నాడు. "చూసినవా, సార్ యాదికొచ్చిండు దీనికి."

నేను నోరు తెరిచాను. చెల్లెలు నా వైపు చూసి, చిన్నగా తల అడ్డంగా ఊపింది. బాపు దగ్గరికి వచ్చి, తువ్వాల జారిపోతున్నదని, దాని చెవి మీద ముడిని మళ్లీ గట్టిగా బిగించాడు.